లాభం, రెండు, మూడు

మా బాపు గింజలు కొలిచేటప్పుడు ఎన్నడూ ఒకటి అనలేదు. కుప్ప ముందు గొంతుక్కూర్చుని, దేవుణ్ణి తలచుకుని, మొదటి కుంచం నిండా ఎత్తి గోనెలో పోస్తూ "లాభం" అనేవాడు. ఆ తరువాత రెండు, మూడు, నాలుగు. మా వైపు పాత రైతులందరిదీ ఇదే పద్ధతి. ఒకటి అనేది ఒంటరి మాట, దానితో ధాన్యం లెక్క మొదలుపెట్టకూడదని కొందరంటారు. బాపు చెప్పే అర్థం వేరు. "మొదటి కుంచం కడుపులకు వోతది బిడ్డా. కడుపుకున్నదే లాభం. ఇగ ఆ తర్వాతయన్నీ ఉత్త లెక్కలు," అనేవాడు.

నేను ఒంట్లు నేర్చుకుంది మా కల్లంలోనే. బడిలో చేరిన కొత్తలో పంతులమ్మ ఒంట్లు చెప్పమంటే లేచి నిలబడి గట్టిగా లాభం, రెండు, మూడు అన్నాను. క్లాసంతా నవ్వింది. నా అరచేతి మీద బెత్తం దెబ్బలు పడ్డాయి. ఆ దెబ్బల్ని మాత్రం పంతులమ్మ ఒకటి నుంచే లెక్కపెట్టింది. ఇంటికొచ్చి ఏడిస్తే బాపు పడీ పడీ నవ్వి, "బడిల ఒకటను, కల్లంల లాభమను. ఆడి లెక్క వేరే, ఈడి లెక్క వేరే," అని నా చెయ్యి నిమిరాడు.

మా ఊరు శంషాబాద్‌ను ఆనుకునే ఉంటుంది. మాకున్న భూమిలో కొంత విమానాశ్రయం కిందికి పోయింది, కొంత రింగురోడ్డు కిందికి పోయింది, మిగిలిన చెక్క అమ్మ జబ్బుకు పోయింది. అమ్మా దక్కలేదు. చివరికి మిగిలింది కల్లం ఒక్కటే. అరెకరం కూడా ఉండదు. నేల బండ, చదునుగా, నున్నగా, తరతరాల పశువుల గిట్టలకు అరిగిపోయి ఉంటుంది. అంచున ఒక కానుగ చెట్టు.

నూర్పిళ్లు ఆగిపోయి చాలా ఏళ్లయింది. పొలమే లేనప్పుడు నూర్చడానికేముంది? అయినా ఆ కల్లం ఖాళీగా ఉండేది కాదు. ఎండాకాలం వచ్చిందంటే చుట్టుపక్కల కాలనీల ఆడవాళ్లు మిరపకాయలు, చింతపండు, వడియాలు తెచ్చి ఆరబోసుకునేవాళ్లు. కట్టడం పనికొచ్చిన ఒడిశా వాళ్లు బొంతలు ఉతికి పరిచేవాళ్లు. బాపు కానుగ చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కాకుల్ని తోలుతూ కూర్చునేవాడు. చక్రాలు కనపడేంత కిందుగా విమానాలు నెత్తి మీదుగా దిగుతుంటే తలెత్తి కూడా చూసేవాడు కాదు. కాకి వచ్చిందంటే మాత్రం లేచేవాడు.

నేను రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆఫీసులో పనిచేస్తాను. కాపురం మైలార్‌దేవ్‌పల్లిలో. మా ఆయనది గోదావరి వైపు. విమానాశ్రయం దగ్గర సరుకు రవాణా కంపెనీలో ఉద్యోగం. ఆదివారం వచ్చిందంటే ఇద్దరం బాపు దగ్గరికి పోయేవాళ్లం. బాపు మా తమ్ముడి దగ్గరే ఉంటాడు. భోజనాలవగానే మామా అల్లుళ్లు ఇద్దరూ కల్లానికి పోయి వాదనకు కూర్చునేవాళ్లు. వాదన ఎప్పుడూ ఒక్కరి గురించే, గేటాయన గురించి.

ఆ పెద్దమనిషికి ఆ పేరు పెట్టింది బాపే. కల్లానికి ఒక పక్కగా మొదలుపెట్టి కనుచూపు మేర భూమంతా ఆయనది. ఏనుగు మీద కూర్చుని పోయినా తల తగలనంత ఎత్తు గేటు పెట్టించాడు. గేటు దగ్గర నిలబడితే లోపలి ఇల్లు కనపడదు. ఇలాంటివి ఇంకా చాలా చోట్ల ఉన్నాయని, వాటన్నిటినీ ఆయనే ఒకసారి కూడా చూసి ఉండడని చెప్పుకునేవాళ్లు.

"గంత జాగ ఒక్కనికెందుకు అల్లుడా? దినానికొక్క చెట్టు కింద కూసున్నా మల్ల మొదటి చెట్టుకాడికి రానే రాడు గద," అని మొదలుపెట్టేవాడు బాపు.

"ఎందుకు అనడానికి మనమెవరం మామయ్యగారూ? ఆయన దొంగతనం చేయలేదు. అమ్మినవాళ్లు ఇష్టపడే అమ్మారు. కొన్నవాడిది తప్పెలా అవుతుంది?" అనేవాడు మా ఆయన.

"ఇష్టపడి అమ్మిన్రా? బోరు వడక ఒకడమ్మె. బిడ్డకు పానం బాగలేక ఒకడమ్మె. చుట్టుముట్టు అందరమ్మినంక తొవ్వ లేక ఒకడమ్మె. గీన్ని ఇష్టమంటరా?"

"ఆ కష్టాలు ఆయన తెచ్చిపెట్టినవి కావు కదండీ."

"కావు. నేను అన్ననా? కష్టం ఆయన తేలే. కష్టమొచ్చిన దినం కారు ఆపుకోని తయారుగున్నడు. అంతే."

మా ఆయన ఊరుకునే రకం కాదు. గేటాయన దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారో, బడికి ఎంత ఇచ్చాడో చెప్పేవాడు. బాపు అంతా విని, తల గోక్కుని, "సరే. కుంచం నిండినంక గూడ పోస్తనే ఉన్నవనుకో, ఏమైతది? కింద పడ్తది. కింద పడ్డది పిట్టలది, ఏరుకునేటోళ్లది. గది మా పద్ధతి. మరి ఆయనది ఎన్నడన్న కింద పడ్డదా?" అని అడిగాడు ఒకసారి.

"ఎలా పడుతుందండీ? నిండగానే ఆయన ఇంకా పెద్ద కుంచం చేయించుకుంటాడు."

బాపు దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "గిది మాత్రం ఖరే చెప్పినవు అల్లుడా," అని ఆ మాటను ఆ వారమంతా చాయ్ హోటల్లో అందరికీ చెప్పుకున్నాడట. వీళ్లిద్దరికీ చాయ్‌లు మోసేదాన్ని నేను. ఇంత వాదించినా గేటాయనకు గజం తరిగేది లేదు, మాకు గజం పెరిగేది లేదు, గొంతులు మాత్రం ఆరిపోయేవి. విసుగొచ్చి ఇద్దరినీ తిట్టిన రోజులున్నాయి. ఇప్పుడు ఆ గొంతులు వినపడితే చాలని ఉంది.

బాపు నమ్మకాలన్నీ నిజాలని నేను చెప్పను. కింద ఇన్ని బండలుండగా ఇక్కడ విమానాలు దిగవని పందెం కాసిన మనిషి ఆయన. మిషన్‌తో కోసిన వడ్లలో బలముండదని ఇప్పటికీ అంటాడు. అన్నిటికన్నా గట్టిగా నమ్మింది, ఎక్కువున్నోనికి నిద్ర పట్టదని. ఒకనాడు గేటు దగ్గర వాచ్‌మన్ ఆ మాట విని, "అయ్యో, మా సారు పండిండంటే గురక గీ గేటుకాడికి ఇనొస్తది," అన్నాడు. బాపు కాకుల్ని తోలాలంటూ అక్కణ్ణుంచి కదిలాడు. మా ఆయన అయితే ఆ గురక గురించి అడిగి అడిగి మామను ఏడిపించాడు. అంతటి హేతువాది అయిన మా ఆయన, ఆగ్నేయంలో వంటిల్లు లేదని మూడు నాలుగు ఫ్లాట్లు వద్దన్నాడన్న సంగతి ఆ రోజు నేనే బాపుకు గుర్తుచేయాల్సి వచ్చింది.

ఒక ఉదయం గేటాయనే కల్లానికి వచ్చాడు. ఆ రోజు సెలవు కావటంతో నేనూ అక్కడే ఉన్నాను. తెల్ల చొక్కా, మామూలు చెప్పులు, ఎక్కడా బంగారం లేదు. మిరపకాయలు తొక్కకుండా అంచు వెంబడి నడిచి వచ్చి, బాపుకు దండం పెట్టి, నేను వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. చెడ్డవాడిలా లేడు. చెడ్డవాడిలా ఉంటాడని నేను అనుకున్నాను కాబట్టి ఈ మాట రాస్తున్నాను.

"పెద్దాయనా, మీ కల్లం నాకియ్యాలె. ఎంతంటే అంత ఇస్త. నా జాగకు గిది ఈశాన్యం మూల. గీడ మూల తెగి కోత వడ్డది. ఈశాన్యం కోత ఉంటే ఇంటికి మంచిది గాదని సిద్ధాంతి చెప్పిండు," అన్నాడు.

బాపు మిరపకాయలు తిరగేస్తున్నవాడల్లా ఆగి, "నీ జాగకు నాది ఈశాన్యమైతే, నా కల్లానికి నీది నైరుతి గద. నైరుతిల బరువుండాలంటరు. నాకు మంచిగనే ఉన్నది, ఉండనియ్యి," అన్నాడు.

గేటాయన గట్టిగా నవ్వేశాడు. నేనూ నవ్వాను. నవ్వుకుంటూనే వెళ్లిపోయాడు. ఆ రోజు అంతా సరదాగానే అనిపించింది.

మా తమ్ముడికి సరదాగా అనిపించలేదు. వాడికి శంషాబాద్ బజార్లో కిరాయి షట్టర్లో హార్డ్‌వేర్ కొట్టు ఉంది. ఓనరు ఎప్పుడు ఖాళీ చేయమంటాడోనని ఎప్పుడూ పరేషానే. "అక్కా, మిరపకాయలు ఎండవెట్టుకునేటందుకు గంత జాగనా? అవి మన మిరపకాయలు గూడ గావు," అన్నాడు నాతో. వాడన్నదీ అబద్ధం కాదు. వాడి మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు పూర్తిగా రాదు. కానీ ఆ తరువాత వాడు ఇంకో మాట అనడం మొదలుపెట్టాడు, బాపుకు మతి తప్పుతున్నదని. మనవణ్ణి కొడుకు పేరుతో పిలుస్తున్నాడట, చాయ్‌లో ఉప్పు వేసుకున్నాడట. అంత బేరాన్ని మతి ఉన్నవాడెవడూ వద్దనడన్నది వాడి అసలు నమ్మకం.

వాడు బాపును దవాఖానకు తీసుకుపోతే నేనూ పోయాను. చిన్న వయసు డాక్టరు, నెమ్మదస్తుడు. పక్కన కూర్చుని తాతా అంటూ మాట కలిపాడు. ఏ వారమో అడిగాడు, బాపు చెప్పాడు. ఎక్కడున్నావని అడిగాడు, చెప్పాడు. "ఇప్పుడు అంకెలు లెక్కపెట్టండి తాతా, పది దాకా," అన్నాడు.

బాపు కళ్లు మూసుకున్నాడు. కుడి చెయ్యి దానంతటదే ముందుకు వచ్చి, వంగి, ఏదో నిండుగా ఎత్తినట్టు లేచింది. "లాభం, రెండు, మూడు..."

డాక్టరు పెన్ను ఆగింది. "మళ్లీ మొదటి నుంచి చెప్పండి."

"లాభం," అన్నాడు బాపు, ఈసారి ఇంకా స్పష్టంగా, చెవిటివాడికి చెప్పినట్టు.

తమ్ముడు నా వైపు చూశాడు. చూశావా అన్నట్టున్న ఆ చూపు నేను మరచిపోలేను. వాడు పుట్టి పెద్దయ్యేసరికి మాకు కుప్పలు లేవు, కొలతలు లేవు. వాడికి ఆ మాట తెలియదు. నేను తడబడుతూ డాక్టరుకు చెప్పాను, ఇది మతిమరుపు కాదు, మా వైపు ధాన్యం ఇలాగే కొలుస్తారని. ఆయన "ఓ, అలాగా," అని నవ్వి, అయినా కాగితం మీద ఏదో రాసుకుని, కొన్ని నెలలయ్యాక ఇంకోసారి తీసుకురండి, పోల్చి చూద్దాం అన్నాడు.

బయటికి వచ్చాక తమ్ముడితో నడిరోడ్డు మీదే తగువు పెట్టుకున్నాను. "గేటాయన ఈశాన్యమంటే నమ్మకం, బాపు లాభమంటే రోగమా? ఆయనను ఏ డాక్టరుకు చూపెట్టాలె?"

వాడు తల వంచుకుని, "ఆయన నమ్మకానికి పైసలున్నయక్కా," అన్నాడు.

వాడు వెటకారంగా అనలేదు, బాధగానే అన్నాడు. బాపు మాత్రం మా ఇద్దరినీ పట్టించుకోకుండా, రోడ్డు పక్క బండి మీద జామకాయలు ఏరుతున్నాడు.

వానలకు ముందు గేటాయన మళ్లీ వచ్చాడు. ఈసారి కారు లేదు. గేటు దగ్గరి నుంచి ఎండలో నడిచి వచ్చాడు. కుర్చీ వేయబోతే వద్దని బండ మీదే కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది. అక్కడే కూర్చుని చెప్పాడు. ఒక్కడే కొడుకు. నెత్తురుకు సంబంధించిన జబ్బు. తీసుకుపోని దవాఖాన లేదు, పిలిపించని డాక్టరు లేడు. సిద్ధాంతి మాత్రం మొదటి నుంచీ ఒక్కటే మాట మీద ఉన్నాడు, ఈశాన్యం సరిచేసుకోమని.

"నిజంగ నమ్ముతున్ననా అంటే నాకే తెల్వదు పెద్దాయనా. కానీ చెయ్యకుంట ఎట్లుండాలె? చెయ్యక పోరనికి ఏమన్న అయితే?" అన్నాడు. అని రెండు చేతులూ బండ మీద పెట్టుకుని ఏడ్చాడు. అంత ఉన్న మనిషి అలా ఏడుస్తుంటే నాకు జాలి వేసింది, ఆ వెంటనే భయం కూడా వేసింది. ఎందుకు భయం వేసిందో అప్పుడు తెలియలేదు.

ఆ ఆదివారం మామా అల్లుళ్ల వాదన తిరగబడింది. మా ఆయనే మొదలుపెట్టాడు. "మామయ్యగారూ, ఇవ్వకండి. ఆ కుర్రాడి జబ్బుకీ మీ కల్లానికీ ఏ సంబంధమూ లేదు. నేనూ వంటిల్లు దిక్కులు చూసుకున్నవాణ్ణే, సిగ్గు విడిచి చెబుతున్నాను. రేపు జరగరానిది జరిగితే ఏం చేస్తారు?"

"సంబంధం లేదని నాకెర్కే అల్లుడా," అన్నాడు బాపు. "ఆయనకు ఎర్కలేదు. గదే గోస. కల్లంల గింజ ఇంటికి రాకముందే చాకలోళ్ల పాలు, మంగలోళ్ల పాలు, వడ్లోళ్ల పాలు తీసి పెడ్తుంటిమి. అడిగినోన్ని ఎన్నడు ఉత్త చేతులతోని పంపలే. గా పోరనికి నా కల్లంల పాలు లేదంటె ఎట్ల?"

"అన్నీ ఉన్న మనిషికి పాలా?"

"ఆయనకు గాదు. పోరనికి."

మా ఆయన చాలాసేపు నచ్చజెప్పాడు. ఆ రోజు ఆయన వాదన అంతా సరైనదే. బాపుదీ సరైనదే. నేను ఎండిన మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్నాను.

కల్లం పోయింది. బాపు బేరమాడలేదు. తమ్ముడు గేటాయనతో ఎంతకు మాట్లాడుకున్నాడో బాపు అడగలేదు, నేనూ అడగలేదు. కాలనీ ఆడవాళ్లు వచ్చి తమ చాపలు తీసుకుపోయారు. బాపు ఇనుప కుంచాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, తన మంచం పక్క మేకుకు తగిలించుకున్నాడు. గోడ చూస్తుండగానే లేచింది. ఇప్పుడు గేటాయన జాగకు ఈశాన్యం మూల గీత గీసినట్టు సూటిగా ఉంటుంది. కానుగ చెట్టు గోడకు అడ్డం వస్తుందని కొట్టేశారు.

గోడకు సున్నం కూడా వేయకముందే ఆ పిల్లవాడు పోయాడు.

పలకరించడానికి బాపు పోతానంటే నేనూ వెంట వెళ్లాను. ఆ గేటు లోపలికి మేం పోవడం అదే మొదలు. వాచ్‌మన్ బాపు చెయ్యి పట్టుకుని చిన్న బండి ఎక్కించాడు, ఇంటి దాకా నడిచేంత దగ్గర కాదు మరి. పెద్ద హాలు. తెల్ల దుప్పట్లు పరిచి ఉన్నాయి. చాలామంది పెద్ద మనుషులు కూర్చుని ఉన్నారు. గేటాయన బాపును చూసి లేచి వచ్చాడు. బాపు రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"జర ముందుగాల అయితే బతుకుతుండె పెద్దాయనా," అన్నాడు.

తిట్టలేదు. నింద కూడా వేయలేదు. కొడుకు పోయిన తండ్రి నోట్లోంచి ఏదో ఒక మాట రావాలి కదా, అది వచ్చింది. అంతే. అయినా నా ఒళ్లు మండిపోయింది. ఇంత ఉండీ ఈ దుఃఖంలో కూడా ఇంకొకరు ఇవ్వవలసిందేదో మిగిలిపోయిందా నీకు అని అడగాలనిపించింది. శవం లేచిన ఇంట్లో ఎవరు ఎవరిని ఏం అడుగుతారు? బాపు ముఖం చూశాను. ఆయన ఆ మాటను తీసుకున్నాడు. నేను చూస్తుండగానే, ఎవరో ఇచ్చిన వస్తువును రెండు చేతులా అందుకున్నట్టు తీసుకున్నాడు. అప్పుడు తెలిసింది, ఆనాడు బండ మీద నాకు భయం ఎందుకు వేసిందో.

తిరిగి వచ్చేటప్పుడు బాపు అడిగాడు. "ఆయన మొదలు వచ్చినప్పుడే ఇస్తే అయిపోవుగద బిడ్డా? నేను నవ్వులాట జేస్తి. నైరుతి అంటిని."

"బాపూ, అది నెత్తురు జబ్బు. దానికి మన కల్లానికి ఏం సంబంధం? నువ్వే అంటివి గద."

"అంటి," అన్నాడు.

తరువాతి ఆదివారాల్లో మా ఆయన ఓపికగా ఆ జబ్బు గురించి అడిగి తెలుసుకుని వచ్చి, బాపు పక్కన కూర్చుని విడమరచి చెప్పేవాడు. బాపు శ్రద్ధగా వినేవాడు. అంతా అయ్యాక, "మరి జర ముందుగాల ఇస్తే?" అనేవాడు. వాస్తును నమ్మని మనిషికి, గేటాయన నమ్మకం అలా అంటుకుంది. డబ్బున్నవాళ్ల నమ్మకాలు ఎందుకంత బరువుగా ఉంటాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బాపు జీవితమంతా మోసుకొచ్చిన నమ్మకం ఒక్క వాక్యానికి పక్కకు తప్పుకుంది.

మా ఆయన ఒక రోజు బాపును పాత వాదనలోకి లాగాలని చూశాడు. ఎంత ఆశగా చూశాడో నాకు తెలుసు. "మామయ్యగారూ, కుంచం నిండితే ఆయన ఇంకా పెద్దది చేయించుకుంటాడన్నాను గుర్తుందా? దానికి మీరు ఇంతవరకు జవాబు చెప్పలేదండీ."

"నువ్వన్నదే కరెక్టు అల్లుడా," అన్నాడు బాపు.

మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లుగా మామ నోట ఆ మాట అనిపించాలని చూసిన మనిషి, మా తమ్ముడి ఇంటి ముందు బండి పక్కన నిలబడి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు. నేను దగ్గరికి పోలేదు. పోతే ఇద్దరం ఏడ్చేవాళ్లం.

మొన్న మళ్లీ దవాఖానకు తీసుకుపోయాం. అదే డాక్టరు. పాత కాగితం తీసి ముందు పెట్టుకున్నాడు. వారం అడిగాడు, బాపు చెప్పాడు. ఎక్కడున్నావని అడిగాడు, చెప్పాడు. ఎవరూ ఏమీ నేర్పలేదు. తమ్ముడూ నేర్పలేదు, ఒట్టేసి చెబుతున్నాడు.

"పది దాకా లెక్కపెట్టండి తాతా," అన్నాడు డాక్టరు.

నేను బాపు కుడి చెయ్యి వైపు చూశాను. అది మోకాలి మీదే ఉంది. కదలలేదు.

"ఒకటి," అన్నాడు బాపు. "రెండు, మూడు, నాలుగు..."

పది దాకా ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. డాక్టరు సంతోషించాడు. కిందటిసారి కంటే చాలా బాగున్నాడని, ఇక భయపడేదేమీ లేదని కాగితం మీద రాసిచ్చాడు. తమ్ముడు బాపు భుజం చుట్టూ చెయ్యి వేసి, "చూసినవా అక్కా, ఎంత మంచిగైండో," అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడికి బాపు మీద ప్రేమ లేదని నేనెప్పుడూ అనుకోలేదు. మెట్ల మీద కూలబడి ఏడుస్తున్న నన్ను చూసి, సంతోషంతో ఏడుస్తున్నాననుకున్నాడు.

ఇంటికి వస్తుంటే కారు ఆరాంఘర్ చౌరస్తా దగ్గర ఆగిపోయింది. ముందూ వెనకా బస్సులు, లారీలు. తమ్ముడు నడుపుతున్నాడు. వెనక సీట్లో బాపూ నేనూ. ఎండకు ఆయన ముఖం వాడిపోయి ఉంది. అడగకూడదనే అనుకున్నాను, ఉండబట్టలేకపోయాను.

"బాపూ, మొదలు లాభం అనవైతివేంది?"

బాపు నా వైపు తిరిగాడు. చిన్నప్పుడు నా అరచెయ్యి నిమిరినట్టే నా చెయ్యి తీసుకుని నెమ్మదిగా నిమిరాడు.

"ఏం లాభం బిడ్డా," అన్నాడు.